ఉక్కునగరం గోడ అవతల

భిలాయి ఉక్కు కర్మాగారంలో నలభై సంవత్సరాలు పనిచేసి, 2018లో పదవీ విరమణ చేసిన ఒక తెలుగు ఉద్యోగికి వైద్యులు ఒక సలహా ఇచ్చారు. రక్తంలో చక్కెర పెరిగిందనీ, మందులతో పాటు రోజుకు ఒక గంట నడక తప్పనిసరి అనీ ఆ సలహా సారాంశం. ఆయన క్రమశిక్షణ గల మనిషి. మరునాటి నుండే సెక్టారు మైదానం చుట్టూ నడవసాగారు. ఒక చుట్టుకు ఎన్ని నిమిషాలు పట్టిందో, గంటలో ఎన్ని చుట్లు పూర్తయ్యాయో ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకునేవారు. మిల్లులో జీవితం గడిపినవారికి లెక్క తప్పడం నచ్చదు.

ఆ వీధిలో ఆకుకూరలు అమ్మే ఒకామె ఈ నడకను సంవత్సరం పాటు గమనించింది. ఒకనాటి ఉదయం గంప దించి, ఆయన భార్యకు శనగాకు కట్టలు అందిస్తూ, ఆయన వంక తిరిగి అడిగింది:

"బాబూజీ, రోజూ ఆ మైదానం చుట్టే తిరుగుతున్నారు. అక్కడ ఏమైనా పోగొట్టుకున్నారా?"

ఆయన నవ్వి, "లేదు బాయీ, ఆరోగ్యం కోసం నడుస్తున్నాను" అన్నారు.

"నడవడానికే అయితే మా ఊరి దాకా రావచ్చును గదా! ఊరికే గుండ్రంగా తిరగడం దేనికి?"

"మీ ఊరు ఏది?"

ఆమె గంప ఎత్తుకోబోతూ ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంటికి కూర ఇస్తున్నది. ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరూ ఆమెను అడగలేదు. "అదిగో, ఆ గోడ దాటి, చెరువు గట్టు దాటితే మా ఊరే" అని చేయి చూపింది.

ఆమె చూపిన వైపు ఆయన నలభై ఏళ్ళుగా చూస్తూనే ఉన్నారు. దూరాన చెట్లు కనబడేవి. ఎండాకాలంలో దుమ్ము, వానాకాలంలో పచ్చదనం కనబడేవి. కాని అక్కడొక ఊరు ఉన్నదనీ, దానికొక పేరు ఉన్నదనీ ఆయనకు ఎన్నడూ తోచలేదు.

కొలబద్దతో గీసిన నగరం

ఇందులో ఆయన తప్పు కొంతే. భిలాయి పుట్టుకే అటువంటిది. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒప్పందం కుదిరింది. నాలుగేళ్ళు తిరగగానే, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అంతకు ముందు అక్కడ వరిపొలాలు, చెరువులు, పల్లెలు ఉండేవి. ఆ పొలాల మీద కొలబద్ద పెట్టి గీసినట్లు వీధులు వెలిశాయి. సెక్టార్లు, అవెన్యూలు, అంకెలు వచ్చాయి. పల్లెల పేర్ల స్థానంలో క్వార్టరు నంబర్లు నిలిచాయి.

ఆ నగరానికి దేశం నలుమూలల నుండి మనుషులు వచ్చారు. తెలుగువారి రాకకు దారి అంతకు ముందే పడి ఉన్నది. 1931లో పార్వతీపురం నుండి రాయపూర్ వరకు రైలు మార్గం పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల కుటుంబాలు ఆ దారినే ఎక్కి వచ్చాయి. ఐదవ సెక్టారులో బాలాజీ ఆలయం వెలిసింది. సంక్రాంతికి ముగ్గులు, ఉగాదికి పచ్చడి, ధనుర్మాసంలో పులిహోర, ఏదీ తక్కువ కాలేదు. సాయంకాలపు విహారానికి, సోవియట్ మైత్రికి గుర్తుగా 1972లో ఏర్పడిన మైత్రీబాగ్ ఉన్నది. పిల్లలకు బడి, రోగులకు తొమ్మిదవ సెక్టారు ఆసుపత్రి ఉన్నవి. గోడ దాటవలసిన అవసరం ఎవరికీ కలుగలేదు.

కాని గోడ లోపలి జీవితం గోడ వెలుపలి భూమి మీదనే ఆధారపడి ఉన్నది. ఇనుప ఖనిజం దల్లీ-రాజ్‌హరా గనుల నుండి వచ్చింది. సున్నపురాయి నందిని గనుల నుండి వచ్చింది. కొలిమిని చల్లబరచే నీరు బ్రిటిషు కాలంనాటి తాండుల జలాశయం నుండి కాలువలో ప్రవహించి వచ్చింది. కూరలు, పాలు, ఇంటిపని మనుషులు చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చారు. అన్నీ లోపలికి వచ్చాయి. లోపలివారు మాత్రం బయటికి వెళ్ళలేదు.

పై ఉద్యోగి పనిచేసినది రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో. ఆయన చేతిమీదుగా సాగిన పట్టాలు దేశపు కొసల దాకా వెళ్ళాయి. ఇంటికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న పల్లెకు మాత్రం ఆయన వెళ్ళలేదు. ఆ ఉదయం ఈ సంగతి మనసుకు తట్టినప్పుడు ఆయనకు కొంత సిగ్గు కలిగింది.

తెలిసిన పొలం, తెలియని సేద్యం

మరునాడు ఆయన మైదానానికి పోలేదు. ఆ గోడలో పశువులు దూరి చేసిన సందు గుండా అవతలికి నడిచారు. అది మార్గశిర మాసం. వరి కోతలు జరుగుతున్నవి. గట్టు మీద కాలు పెట్టగానే ఆయన నడక తనంతట తానే మారిపోయింది. అడుగు ముందు అడుగు, మడమ కొద్దిగా పక్కకు, చూపు నేలమీద. నాగావళి ఒడ్డున తండ్రి వెనుక నడిచిన బాల్యం ఆ పాదాలకు ఇంకా గుర్తున్నది. నలభై ఏళ్ళు సిమెంటు మీద నడిచినా అవి మరువలేదు.

పొలం తెలిసినదే, సేద్యం మాత్రం కొత్తది. ఆయన పుట్టిన సీమలో నారు పోసి ఊడుస్తారు. ఇక్కడ చాలామంది విత్తనాన్ని నేరుగా చల్లి, పైరు ఎదిగిన నెల తరువాత, మడిలో నీరు నిలిచి ఉండగానే దానిమీద నాగలి నడుపుతారు. దీనిని బియాసీ అంటారు. చూచేవారికి పైరును పాడుచేస్తున్నట్లు ఉంటుంది. నిజానికి కలుపు అణగి, ఒత్తుగా ఉన్న పైరు పలచబడుతుంది. నిలిచిన మొక్కలు బలపడతాయి.

కోసిన మళ్ళు ఆయనకు ఖాళీగా కనబడ్డాయి. అడ్డదారిన వెళ్ళవచ్చునని ఒక మడిలో దిగబోయారు. దూరాన పశువులు కాస్తున్న ఒక ముసలివాడు చేయెత్తి వారించాడు. దగ్గరకు వచ్చి, కొయ్యకాళ్ళ నడుమ వంగి చూపించాడు. అక్కడ సన్నని మొలకలు ఉన్నవి. వరి కోతకు రెండు వారాల ముందే, నేల తడిగా ఉన్నప్పుడే, తివరా అనే కేసరి పప్పును గాని, అవిసెలను గాని చల్లుతారు. దీని పేరు ఉతేరా. వరి పోయేసరికి రెండవ పైరు లేచి ఉంటుంది. కోస్తా మాగాణుల్లో వరి కోతకు ముందు మినుము చల్లే పద్ధతే ఇది. ఆయన భార్య ఏటా పొగిడి కొనే తివరా ఆకు ఆ మళ్ళలోనిదే.

గట్ల మీద తుమ్మచెట్లు బారులు తీరి ఉన్నవి. ఇది నిర్లక్ష్యం కాదు, ఛత్తీస్‌గఢ్ రైతు ఆలోచన. నాగలికి, బండికి కలప దొరుకుతుంది. మేకలకు కాయ, పొయ్యికి కట్టె, గట్టుకు బలం లభిస్తాయి. తుమ్మల మధ్య అక్కడక్కడ తెల్లమద్ది నిలిచి ఉంటుంది. ఈ సీమ వరికి ఎంత పుట్టినిల్లో చెప్పడానికి ఒక్క సంగతి చాలును. డాక్టర్ ఆర్. హెచ్. రిఛారియా అనే వరి శాస్త్రవేత్త 1970లలో రాయపూర్ కేంద్రంగా పల్లె పల్లె నుండి విత్తనాలు సేకరించినప్పుడు వేలాది నమూనాలు పోగయ్యాయి. ఆ సేకరణ నేటికీ రాయపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉన్నది.

ఊరి మొదట్లో చెరువు, చెరువు పక్కన తెల్ల జెండాతో ఒక తెల్లని స్తంభం ఉన్నవి. అది సత్నామీల జైత్‌ఖామ్. మనుషులందరూ సమానమేనని బోధించిన గురు ఘాసీదాస్ అనుచరులు దానిని నిలుపుతారు. కూరలు అమ్మే ఆమె ఇల్లు ఆ పక్కనే. ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఇంటికి వచ్చిన వారికి ముందు నీళ్ళు, తరువాతనే మాట అనేది అక్కడి మర్యాద. ఇంట్లో అప్పుడే ఒక కుర్రవాడు గిన్నెలో బాసీ తింటున్నాడు. రాత్రి అన్నంలో నీరు పోసి ఉంచి, ఉదయం ఉల్లిపాయతో తింటారు. ఆయన గిన్నెలోకి చూచి, "ఇది మా చద్దన్నమే గదా!" అన్నారు. ఆ మాటకు అర్థం వారికి తెలియలేదు గాని, ఆయన ముఖంలోని సంతోషం తెలిసింది.

"నా మాట విని వచ్చారు, కకా" అన్నది ఆమె. ఆ మాటలో బాబూజీ పోయి, చిన్నాన్న అనే పిలుపు వచ్చింది. తిరుగు ప్రయాణంలో ఆయన కూడ ఆమెను బాయి అని పిలవలేకపోయారు. అమ్మ అని అర్థం వచ్చే దాయి అన్న పిలుపే నోట వచ్చింది.

ఆరోగ్యం మాట

నడక ఆరోగ్యానికి మంచిదని పెద్దలు చెప్పినదాన్ని శాస్త్రజ్ఞులు లెక్కలతో నిరూపించారు. 1953లో జెరీ మోరిస్ అనే వైద్యుడు లండను బస్సు సిబ్బందిని పరిశీలించాడు. రోజంతా కూర్చుండే డ్రైవర్ల కన్న, రెండంతస్తుల బస్సులో మెట్లు ఎక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని ఆయన కనుగొన్నాడు. 2019లో అమెరికాలో దాదాపు 17 వేల మంది వృద్ధ స్త్రీలపై జరిగిన పరిశీలన మరొక విషయం తెలిపింది. రోజుకు 2,700 అడుగులు వేసేవారి కన్న 4,400 అడుగులు వేసేవారిలో మరణాలు స్పష్టంగా తక్కువ. సుమారు 7,500 అడుగుల వరకు ఆ మేలు పెరుగుతూ వచ్చి, అటుపైన అంతగా పెరగలేదు. పదివేల అడుగులు నడిచి తీరాలన్న మాటకు మూలం వైద్యం కాదు. అది 1960లలో జపానులో అమ్మిన ఒక అడుగుల లెక్క యంత్రం పేరు. కనుక అరవై దాటినవారు అంకెకు భయపడనక్కరలేదు.

అయితే మైదానం చుట్టూ నడచినా ఈ మేలు కలుగుతుంది గదా అని ఎవరైనా అడుగవచ్చు. కలుగుతుంది. కాని చాలామంది ఆ నడకను మూడు నెలలకే మానివేస్తారు. అందులో చేరవలసిన చోటు లేదు, ఎదురుచూచే మనిషి లేడు, నిన్నటికి నేటికి భేదం లేదు. పల్లెదారిలో ఈ మూడూ ఉన్నవి. ఈ దేశపు పెద్దలు అలా ఊరూరా నడచినవారే. 1930లో అరవై ఒకటవ ఏట గాంధీజీ సాబర్మతి నుండి దండికి నడిచారు. తెలంగాణలో నడుస్తూ 1951 ఏప్రిల్ 18న పోచంపల్లి చేరిన వినోబా భావేకు అక్కడే మొదటి భూదానం లభించింది. వాహనంలో వెళ్ళివుంటే ఆ ఊరి భూమిలేని వారి మాట వినే తీరిక ఆయనకు చిక్కేది కాదు.

ఆరుగురి ఆదివారాలు

ఒక్కరి నడక ఆరుగురి నడక అయింది. ఇద్దరు తెలుగువారు, ఒక మలయాళీ, ఒక బెంగాలీ, ఒక పంజాబీ, భిలాయికి పక్క ఊరిలోనే పుట్టిన ఒక ఛత్తీస్‌గఢీ. అందరూ విశ్రాంత ఉద్యోగులే. వారు సంఘం పెట్టలేదు, చందా వసూలు చేయలేదు. శనివారం సాయంత్రం దారి నిర్ణయించుకోవడం, ఆదివారం తెల్లవారక ముందే బయలుదేరడం, ఇదే వారి నియమావళి.

వారు మొదట వెళ్ళినది దేవ్‌బలోదా. పవర్‌హౌస్ స్టేషనులో పాసింజరు ఎక్కి దేవ్‌బలోదా-చరోడాలో దిగితే ఆలయం దగ్గరనే. అది కలచురి రాజుల కాలంనాటి శివాలయం. గోడల మీద ఏనుగులు, గుర్రాలు, నర్తకులు, వేట దృశ్యాలు ఉన్నవి. శిఖరం మాత్రం లేదు. దానికి ఊరివారు ఒక కథ చెబుతారు. శిల్పి ఏకాగ్రతలో ఒంటిమీద బట్ట లేని సంగతి మరచి పనిచేసేవాడట. భార్య రోజూ అన్నం తెచ్చేది. ఒకనాడు ఆమెకు బదులు అతని చెల్లెలు తెచ్చింది. ఆమెను చూచి సిగ్గుతో అతడు పక్కనున్న కోనేటిలోకి దూకినాడు. శిఖరం అలాగే మిగిలిపోయింది. కోనేటిలోని సొరంగం దూరాన ఉన్న ఆరంగ్ దాకా పోతుందని ఊరి నమ్మకం. శివరాత్రికి అక్కడ తిరునాళ్ళు జరుగుతాయి. వారు దర్శనం చేసుకొని, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం రైలు ఎక్కలేదు. చెరువు గట్ల వెంట నడచి వచ్చారు.

తరువాత మరోడా చెరువుల వైపు, దుర్గ్ దాటి శివనాథ్ నది ఒడ్డుకు, పాటన్ వైపు ఖారూన్ తీరానికి వెళ్ళారు. ఆ తీరంలోని తర్రీఘాట్‌లో తవ్వకాలు జరిపి పురావస్తు శాఖవారు ఒక ప్రాచీన నగరపు ఆనవాళ్ళను బయటపెట్టారు. ఉక్కునగరానికి వయసు డెబ్బై ఏళ్ళు గాని, ఈ భూమిమీద నగర జీవనం వయసు రెండు వేల ఏళ్ళ పైమాటేనని వారికి అక్కడ తెలిసింది. భిలాయికి సమీపంలోని గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్‌బాయి కూడ ఈ మట్టిమనిషే. తంబుర చేతబట్టి, నిలుచుండి భారతకథను పాడే పండవానీ రీతి అప్పట్లో పురుషులకే పరిమితమై ఉండేది. ఆమె ఆ హద్దు దాటింది. తరువాత ఇదే ఉక్కు కర్మాగారంలో ఉద్యోగి అయింది. 2019లో పద్మవిభూషణ్ అందుకున్నది. బుర్రకథ వింటూ పెరిగిన ఆ తెలుగు మిత్రులిద్దరికీ, ఆమె తంబుర ఎత్తి అది భీముని గద అన్నట్లు తిప్పే తీరు పరాయిదిగా తోచలేదు.

ఒక వర్షకాలంలో హైదరాబాదు నుండి మనుమడు వచ్చాడు. ఆ సమయానికి హరేలీ పండుగ వచ్చింది. అది అక్కడి పంచాంగంలో శ్రావణ అమావాస్య, తెలుగు పంచాంగంలో ఆషాఢ అమావాస్య. ఆనాడు నాగలిని, పార, గొడ్డళ్ళను కడిగి పూజిస్తారు. వాకిళ్ళకు వేపమండలు కడతారు. బెల్లం కలిపిన తియ్యని అట్టును చీలా అని నైవేద్యం పెడతారు. ఏటా సెప్టెంబరు 17న మిల్లులో విశ్వకర్మ పూజ చేసిన తాతకు అందులోని భక్తి వెంటనే అర్థమయింది. మనుమడికి మాత్రం గేడీ నచ్చింది. వెదురు కర్రలకు పాదం పెట్టే మెట్టు కట్టి, బురద అంటకుండా వాటిమీద నడుస్తారు. కుర్రవాడు మూడుసార్లు బురదలో పడి, నాలుగవసారి పది అడుగులు నడిచాడు. అమ్మమ్మ కొంగుతో వాడి ముఖం తుడుస్తూ, ఎదుటి మడి చూచి, "ఇదేటండీ, అచ్చం మన ఊరి పల్లపు మడిలాగే ఉందే!" అన్నది. పెళ్ళయి భిలాయికి వచ్చిన తరువాత ఆమె వరిమడి పక్కన నిలబడడం అదే మొదటిసారి.

ముళ్ళకంచె

ఆ మరుసటి శీతకాలంలో ఒక ఉదయం ఆ దారి మూసుకుపోయింది. చెరువు గట్టు మొదట్లో ముళ్ళతీగ కంచె, దాని వెనుక ఇళ్ళస్థలాల బోర్డు కనబడ్డాయి. ఆరుగురికీ అది ఒక నడకదారి పోవడం మాత్రమే. కూరలు అమ్మే ఆమెకు అది నెత్తిన గంపతో, లారీలు తిరిగే రోడ్డు వెంట, మూడు కిలోమీటర్ల చుట్టు. ఆమె ఆ రోజు ఎండెక్కిన తరువాత వచ్చింది. ఆకు వాడిపోయింది.

నడచేవారు వినోదానికి నడుస్తారని, వారికి దారి పోతే మరొక దారి దొరుకుతుందని అనుకోవడం పొరపాటు. ఇంగ్లండులో ఈ విషయం తొమ్మిది దశాబ్దాల క్రిందటే తేలింది. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టరు, షెఫీల్డు ప్రాంతాల కార్మికులు కొన్ని వందలమంది, జమీందారుల వేటభూమిగా మూసివేసిన కిండర్ స్కౌట్ కొండమీదికి నడిచారు. ఐదుగురు జైలుకు వెళ్ళారు. వారంతా వారమంతా మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసి, ఆదివారం ఒక్కరోజు గాలి కోరుకున్నవారు. 1949లో పార్లమెంటు చట్టం చేసి కాలిబాటలను గుర్తించే ఏర్పాటు చేసింది. 1965లో పెనైన్ వే అనే సుదీర్ఘ కాలిబాట ప్రారంభమయింది. 2007లో హెబ్డెన్ బ్రిడ్జ్ అనే ఒక పాత బట్టలమిల్లుల పట్టణం, నడచి వచ్చేవారికి ఇక్కడ స్వాగతం అని ప్రకటించుకున్నది. దారులు బాగుచేయించడం, గుర్తులు పెట్టించడం, బస్సు దిగి నడక మొదలుపెట్టే వీలు కల్పించడం తమ బాధ్యతగా ఆ పట్టణం తీసుకున్నది. ఆ పద్ధతిని తరువాత అనేక పట్టణాలు అనుసరించాయి. మిల్లుల ఊరే అందుకు ముందు నడవడం గమనించదగినది.

ఛత్తీస్‌గఢ్‌లో ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. మధ్యప్రదేశ్ కాలం నుండి వస్తున్న 1959 నాటి భూ రెవిన్యూ స్మృతిలోనే ఆధారం ఉన్నది. ఊరుమ్మడి భూమిని, పశువుల బీడును, వాడుక హక్కులను గ్రామం వారీగా నమోదు చేసే పత్రానికి నిస్తార్ పత్రక్ అని పేరు. ఆచారంగా వస్తున్న దారిహక్కులను వాజిబుల్-అర్జ్ అనే మరొక పత్రంలో వ్రాస్తారు. పొలానికో, బీడుకో పోయే వాడుకదారి గురించి వివాదం వస్తే విచారించి తీర్పు చెప్పే అధికారం తహసీల్దారుకు ఆ స్మృతి ఇచ్చింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన సంవత్సరమే ఈ స్మృతి కూడ పుట్టింది. గోడ లోపలివారిలో దాని పేరు విన్నవారు అరుదు.

ఆరుగురిలో ఛత్తీస్‌గఢీ మిత్రుడికి ఆ పత్రాల సంగతి తెలుసు. ఆయన చెప్పగా ఊరివారు పట్వారీ దగ్గరి నక్షా చూచారు. చెరువు గట్టు వెంట ఆ దారి గీత స్పష్టంగా ఉన్నది. దరఖాస్తు ఊరివారే వ్రాశారు, సంతకాలు, వేలిముద్రలు వారివే. ఆరుగురూ సాక్షులుగా సంతకం చేశారు. ఆ దారిన తాము ఎన్నాళ్ళుగా నడుస్తున్నదీ తేదీలతో సహా చెప్పగలిగారు. రైలు మిల్లు ఉద్యోగి చిన్న పుస్తకం అక్కడ పనికివచ్చింది. విచారణ ఇంకా ముగియలేదు. కంచెను మాత్రం ప్రస్తుతానికి ఒక మనిషి, ఒక గంప పట్టేటంత మేర తొలగించారు.

నడువదలచినవారికి

భిలాయి చుట్టుపక్కల నడవడానికి కార్తికం నుండి ఫాల్గుణం వరకు మంచి కాలం. ఫాల్గుణంలో మోదుగలు పూస్తాయి. చైత్రంలో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి, పల్లెవారు వాటిని ఏరుతుంటారు. వేసవిలో ఏడు గంటలకే ఇంటికి చేరడం క్షేమం. వడగాలి ఆ సీమలో ప్రాణాంతకం. వానాకాలంలో గట్లు జారుతాయి. ఉరుము వినగానే చెట్టు నీడను, బహిరంగ పొలాన్ని రెంటినీ విడిచి ఊరిలోకి పోవాలి.

రైలులోనో బస్సులోనో దూరం వెళ్ళి ఇంటివైపు నడచి రావడం మేలు. అలసట పెరిగేకొద్దీ ఇల్లు దగ్గరవుతుంది. గట్టు మీద ఒకరి వెనుక ఒకరు నడవాలి. కోసిన మడి ఖాళీ మడి అనుకోరాదు, ఉతేరా మొలకలు ఉండవచ్చు. చెరువులో స్త్రీలు స్నానం చేసే రేవు వైపు పోరాదు. అడగకుండా ఎవరి ఫొటో తీయరాదు. తెచ్చిన ప్లాస్టిక్ సంచి తిరిగి ఇంటికే తీసుకుపోవాలి. ఎదురైనవారికి రామ్ రామ్ అనో, జై జోహార్ అనో చెప్పాలి. ఆ తరువాత దారి అడిగితే, చాలామంది దారి చెప్పడంతో ఆగరు, కొంతదూరం తోడు వస్తారు.

చదువుకున్న పిల్లలు భిలాయిని విడిచి దూర నగరాలకు పోతున్నారు. పెద్దలు పదవీ విరమణ తరువాత, ఇది మన ఊరా, లేక ఇన్నాళ్ళు బసచేసిన చోటేనా అని సందేహిస్తుంటారు. స్వగ్రామానికి తిరిగి వెళ్తే అక్కడ పలకరించేవారు మిగలలేదు. ఇక్కడేమో గోడ అవతలి ఊరి పేరు తెలియదు. ఉద్యోగం ఇచ్చిన నేల వేరు, తన ఊరు అనిపించే నేల వేరు. మొదటిది నియామక పత్రంతో వస్తుంది. రెండవది పాదాలతో తొక్కిన తరువాతనే వస్తుంది. ఉక్కునగరాలు, గనుల నగరాలు, విద్యుత్కేంద్రాల కాలనీలు దేశంలో మరెన్నో ఉన్నవి. వాటన్నిటికీ ఇటువంటి గోడ ఒకటి ఉన్నది. ఆ గోడకు ఎక్కడో ఒక సందు కూడ ఉన్నది.

ఆ విశ్రాంత ఉద్యోగి చిన్న పుస్తకంలో ఇప్పుడు చుట్ల లెక్క లేదు. ఆ కాలమ్‌లో ఊళ్ళ పేర్లు ఉన్నవి. ఇంతవరకు ఇరవై మూడు. రక్తంలో చక్కెర కూడ అదుపులోకి వచ్చిందని వైద్యులు సంతోషించారు. కూరలు అమ్మే ఆమె నేటికీ గంపతో వస్తున్నది. ఆ మైదానం చుట్టూ ఇంకా కొందరు ఉదయాన గుండ్రంగా తిరుగుతూనే ఉన్నారు. ఆమె గంప దించి, ఒక్కొక్కరినీ అదే ప్రశ్న అడుగుతున్నది.